క్లేర్స్‌హోమ్, అల్బెర్టా: అయిదేళ్లలో 24 మందే పెరిగారు, మరి అద్దెకి ఇల్లు ఎందుకు దొరకట్లేదు?

గౌతమి_తీరం:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. అయిదేళ్లుగా కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలో టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఉంటున్నాం, నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప. మా ఆవిడకి అల్బెర్టాలో క్లేర్స్‌హోమ్ అనే చిన్న ఊళ్లో వృద్ధుల కేర్ హోమ్‌లో ఉద్యోగం ఇస్తామంటున్నారు. ఆర్‌సీఐపీ (చిన్న ఊళ్లకి వలస వచ్చేవాళ్ల కోసం పెట్టిన పథకం) కింద పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి కూడా దారి దొరుకుతుందట, 2025 జనవరిలో ప్రకటించిన 14 ప్రాంతాల్లో అల్బెర్టా నుంచి ఈ ఊరొక్కటే ఉంది. కాల్గరీకి దక్షిణంగా హైవే 2 మీద 125 కిలోమీటర్లు. ఇంతకుముందు ఈ పేరే వినలేదు నేను.

రెండు వారాలుగా రాత్రి పాప పడుకున్నాక స్టాటిస్టిక్స్ కెనడా సైట్‌లో ఈ ఊరి సెన్సస్ ప్రొఫైల్ తెరిచి కూర్చుంటున్నాను. చూసినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప తగ్గట్లేదు. 2011లో 3,758 మంది, 2016లో 3,780, 2021లో 3,804. అంటే పదేళ్లలో 46 మంది పెరిగారు. మేమున్న బ్రాంప్టన్ 2016లో 5,93,638 ఉంటే 2021కి 6,56,480 అయింది. ఇక్కడ మా వీధిలోనే పదేళ్లలో 46 మంది కంటే ఎక్కువ దిగి ఉంటారు.

సరే, పెరగని ఊరైతే ఇళ్లయినా చవగ్గా దొరుకుతాయి కదా అనుకున్నాను. పైగా ఆ ప్రొఫైల్‌లో మొత్తం ఇళ్లు ఇన్ని, జనం నివసిస్తున్న ఇళ్లు ఇన్ని అని రెండు వరసలు ఉన్నాయి, వాటి మధ్య వందకి పైనే తేడా ఉంది. వంద ఇళ్లు ఖాళీగా ఉన్నాయన్నమాట అని సంతోషపడి అద్దె ప్రకటనలు వెతికితే మూడంటే మూడు కనిపించాయి. అందులో ఒకటి గది మాత్రమే.

అసలు ఈ ఊరు ఎదుగుతోందా, ముసలిదైపోతోందా? వంద ఇళ్లు ఖాళీగా ఉంటే అద్దెకి ఎందుకు రావు? బ్రాంప్టన్‌తో పోలిస్తే అక్కడ కుటుంబ ఆదాయం బాగా తక్కువ కనిపిస్తోంది, అంటే జీతాలు అంత తక్కువా? మాతృభాషల పట్టికలో తెలుగు వరస కోసం కూడా వెతికాను, ఇలాంటి చిన్న ఊళ్ల పట్టికలన్నిటిలో 0, 5, 10, 15, ఇలా అయిదు గుణిజాలే ఉన్నాయి, అదేమిటో అర్థం కాలేదు. మా అమ్మ కూడా సూపర్ వీసా (తల్లిదండ్రులు ఎక్కువ కాలం ఉండడానికి ఇచ్చే వీసా) మీద రావాలి, రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లయినా కావాలి. ఈ అంకెలు నమ్మి నిర్ణయం తీసుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_పోరడు:

అన్నా, నేనైతే వద్దనే చెప్తాను. మూడువేల ఎనిమిది వందల మంది అంటే మన దగ్గర ఒక మామూలు పల్లె. గుడి లేదు, ఇండియన్ స్టోర్ లేదు, పాపకి తెలుగు మాట్లాడే తోటి పిల్లలు ఉండరు. పీఆర్ కోసం మూడేళ్లు ఒంటరిగా ఉండి మనసు పాడుచేసుకున్నవాళ్లని చూశాను నేను. పదేళ్లలో 46 మంది అంటే ఎవరూ రావట్లేదనే కదా అర్థం?

లెక్కల_మాస్టారు:

కాదండీ, అక్కడే అందరం పొరబడతాం. నేను పన్నెండేళ్లు మన దగ్గర స్టాటిస్టిక్స్ చెప్పి ఇక్కడికొచ్చాను, ఉద్యోగంలో కూడా ఈ సెన్సస్ పట్టికలతోనే పని, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

2016 నుంచి 2021కి పెరిగిన ఆ 24 అనేది చివరికి మిగిలిన అంకె. పుట్టినవాళ్లలోంచి పోయినవాళ్లని తీసేసి, వచ్చినవాళ్లని కలిపి, వెళ్లినవాళ్లని తీసేస్తే మిగిలింది 24. లోపల ఎంత కదలిక ఉందో దాన్ని చూసి చెప్పలేం. క్లేర్స్‌హోమ్‌లో నలుగురిలో ఒకరికి పైగా 65 దాటినవాళ్లే. 2021లో దేశం మొత్తం మీడియన్ వయసు (సగం మంది అంతకన్నా చిన్న, సగం మంది పెద్ద) 41.6, ఈ ఊరిది అంతకన్నా బాగా ఎక్కువ. ఇలాంటి ఊళ్లో పురుళ్ల కంటే చావులే ఎక్కువ ఉంటాయి. అయినా జనాభా తగ్గలేదు, కొద్దిగా పెరిగింది కూడా. అంటే తగ్గినంత మందికి సరిపడా, ఇంకొంచెం ఎక్కువే బయటి నుంచి వచ్చి చేరారు. ఓరుగల్లు గారు అన్నదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. నిజంగా ఎవరూ రాకపోతే ఆ అంకె 3,500 వైపు జారేది. దీన్ని మీరే సరిచూసుకోవచ్చు. ప్రొఫైల్‌లో బాగా కిందకి వెళ్తే మొబిలిటీ అని ఒక పట్టిక ఉంటుంది, ఇప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లు ఏడాది కిందట ఎక్కడున్నారు, అయిదేళ్ల కిందట ఎక్కడున్నారు అని. వేరే ఊరి నుంచి, వేరే రాష్ట్రం నుంచి, వేరే దేశం నుంచి వచ్చినవాళ్లు విడివిడిగా ఉంటారు. జనాభా పెరుగుదల శాతం కంటే ముందు నేను చూసేది ఆ పట్టికనే.

ఇక ఇళ్ల సంగతి. పెరగని ఊళ్లో ఇళ్లు మిగలాలి కదా అని మనకి అనిపిస్తుంది. చిన్న లెక్క వేద్దాం (ఇది అర్థం కావడానికి వేసిన లెక్క, ఊరి అసలు అంకె కాదు). 3,800 మంది ఇంటికి రెండున్నర మంది చొప్పున ఉంటే 1,520 ఇళ్లు చాలు. అదే 3,800 మంది ఇంటికి 2.2 చొప్పున ఉంటే 1,727 ఇళ్లు కావాలి. ఒక్క మనిషి పెరగకుండానే రెండువందల పైచిలుకు ఇళ్లు ఎక్కువ అవసరమయ్యాయి! పిల్లలు చదువుకోడానికి కాల్గరీ వెళ్లిపోతారు, పెద్దాయన పోతారు, పెద్దావిడ ఒక్కరే ఆ మూడు బెడ్‌రూమ్‌ల ఇంట్లో ఉంటారు. ఆ ఇంటికి అప్పు ఎప్పుడో తీరిపోయింది, అమ్మి ఎక్కడికి వెళ్తారు? 2021లో కెనడా మొత్తంలో ఒంటరి మనిషి ఉన్న ఇళ్లు 29.3 శాతం, దాదాపు 44 లక్షల ఇళ్లు. అన్ని రకాల కుటుంబాల్లోకీ అదే ఎక్కువ. వయసు మళ్లిన ఊళ్లో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. జనం పెరగకపోయినా ఇంటికి కరువు రావడానికి కారణం ఇదే.

మీరు చూసిన ఆ వంద చిల్లర తేడా అద్దెకి ఉన్న ఇళ్లు కాదు. సెన్సస్ రోజు, అంటే 2021 మే 11న, ఆ ఇల్లే తమ అసలు నివాసం అని చెప్పినవాళ్లు ఎవరూ లేని ఇళ్లు అవి. అమ్మకానికి పెట్టి ఖాళీగా ఉన్నది, యజమాని పోయి వారసుల కాగితాలు తేలనిది, రిపేర్లో ఉన్నది, కొత్తగా కట్టి ఇంకా ఎవరూ చేరనిది, సొంతిల్లు వేరే ఊళ్లో ఉండి పని కోసం తాత్కాలికంగా వచ్చినవాళ్లు ఉంటున్నది, ఇవన్నీ అందులోకే వస్తాయి. అందులో అద్దెకిచ్చేవి ఎన్ని అన్నది ఆ వరస చెప్పదు.

ఉత్తరాది_చలి:

మాస్టారు చివర్లో చెప్పినది నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. 2022లో ఉత్తర ఒంటారియోలో ఒక ఊరికి వెళ్లాం, పేరు చెప్పను. నేనూ ఇలాగే ఆ రెండు వరసల్లో ఒకదాన్లోంచి ఒకటి తీసేసి, మూడు వందల ఇళ్లు ఖాళీ అని మా ఆయనకి గొప్పగా చెప్పాను. వెళ్లి చూస్తే వాటిలో ఎక్కువ భాగం సరస్సు ఒడ్డున ఉన్న కాటేజీలు, వేసవిలో తప్ప మనిషి ఉండడు, కొన్నిటికి చలికాలం నీళ్లు కూడా రావు. ఇద్దరు పిల్లలతో ఆరు వారాలు మోటెల్ గదిలో ఉన్నాం. ఒక ఇంటాయనైతే ఫోన్‌లో ఇల్లు ఉందని చెప్పి, మేము సామాను వేసుకుని బయలుదేరాక లేదన్నాడు. రైస్ కుక్కర్లో అన్నం వండితే పొగ అలారం మోగుతుందేమోనని స్నానాల గదిలో పెట్టి వండేదాన్ని. అదంతా తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దిగులు కదులుతుంది.

కాబట్టి అన్నయ్యా, ఉద్యోగం ఒప్పుకునే ముందే వాళ్లని ఒక్కటి అడగండి. మొదటి రెండు నెలలు ఉండడానికి ఇల్లు మీరు చూపిస్తారా అని. చిన్న ఊళ్లలో చాలా ఇళ్లు ప్రకటన దాకా రావు, చర్చిలోనో, పనిచేసే చోటో, హాకీ రింక్ దగ్గరో నోటి మాటతోనే చేతులు మారిపోతాయి. మాకు చివరికి ఇల్లు దొరికింది కూడా మా పాప టీచర్ వాళ్ల అత్తగారి ద్వారానే.

గౌతమి_తీరం:

చెల్లెమ్మా, చదువుతుంటేనే భయమేసింది. మీరు రాసి మంచిపని చేశారు, ఆ ప్రశ్న రేపే అడుగుతాం. మాస్టారు గారూ, ఒంటరి ఇళ్ల లెక్క చూశాక కళ్లు తెరుచుకున్నాయి. ఆ మొబిలిటీ పట్టిక నేను దాటేసి వెళ్లిపోయాను, మళ్లీ చూస్తాను. ఆదాయం, ఆ అయిదు గుణిజాల సంగతి కూడా కాస్త చెప్పగలరా?

లెక్కల_మాస్టారు:

ఆదాయం అర్థం కావాలంటే ముందు 'హౌస్‌హోల్డ్' అంటే ఏమిటో చూడాలి. మన దేశంలో జనగణన అధికారి ఇంటికొచ్చి ఏం చూస్తాడు? వంట ఒకటేనా అని. ఒకే వంటగదిలో తినేవాళ్లంతా ఒక కుటుంబం. ఒకే కప్పు కింద అన్నదమ్ములు రెండు పొయ్యిలు పెట్టుకుంటే రెండు కుటుంబాలు. ఇక్కడ పొయ్యితో సంబంధం లేదు. ఒక ఇంటి తలుపు వెనక ఎవరెవరు ఉంటున్నారో వాళ్లంతా కలిసి ఒక హౌస్‌హోల్డ్, చుట్టాలైనా కాకపోయినా సరే. బ్రాంప్టన్‌లో ఒక యూనిట్‌లో నలుగురు కుర్రాళ్లు అద్దెకుండి నలుగురూ వేరువేరుగా వండుకున్నా అది ఒక హౌస్‌హోల్డ్, నలుగురి జీతాలూ కలిపి ఒక ఆదాయం. అక్కడ సగటున ఒక్కో ఇంట్లో మూడున్నర మంది దాకా ఉంటారు, ఇద్దరు ముగ్గురు సంపాదిస్తారు. క్లేర్స్‌హోమ్‌లో చాలా ఇళ్లలో ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్లు కూడా పెన్షన్ మీద ఉన్నవాళ్లు. ఈ రెండు ఊళ్ల హౌస్‌హోల్డ్ ఆదాయాలు పక్కపక్కన పెట్టి జీతాలు తక్కువ అనుకోవడం సరికాదు. పూర్తికాలం, ఏడాది పొడవునా పనిచేసినవాళ్ల ఆదాయం అని వేరే వరస ఉంటుంది, అది పోల్చి చూడండి.

ఇంకో విషయం, 2021 సెన్సస్‌లో ఉన్న ఆదాయం 2020 సంవత్సరానిది, పన్ను రికార్డుల నుంచి తీసుకున్నది. అది కోవిడ్ ఏడాది. ప్రభుత్వం ఇచ్చిన సాయం చాలా ఇళ్లలో కలిసింది, ముఖ్యంగా తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లలో. ఇంటి ఖర్చు మోయలేకో, ఇల్లు ఇరుకైపోయో, పాడైపోయో ఉండి, వేరే సరైన ఇంటికి మారే స్థోమత కూడా లేని కుటుంబాలు దేశంలో 2016లో 12.7 శాతం ఉంటే 2021లో 10.1 శాతానికి తగ్గాయి. ఇళ్లు చవకయ్యాయి కాబట్టి తగ్గిందని నేను అనుకోవడం లేదు, ఆ ఏడాది చేతిలో కాస్త డబ్బు ఎక్కువుంది. కాబట్టి ఆ ఊరి పట్టికలో కూడా ఈ శాతం తక్కువ కనిపిస్తే మరీ నిశ్చింతగా ఉండకండి.

అయిదు గుణిజాలు మనుషుల వివరాలు బయటపడకుండా ఉండడానికి. ఊళ్లో తెలుగు మాట్లాడే ఇల్లు ఒక్కటే ఉంటే, ముగ్గురు అని వేస్తే ఆ ముగ్గురెవరో ఊరందరికీ తెలిసిపోతుంది. అందుకని ప్రతి అంకెనీ పైకో కిందకో యాదృచ్ఛికంగా అయిదు గుణిజానికి జరుపుతారు. ముగ్గురు ఉంటే 0 అని రావచ్చు, 5 అని రావచ్చు. 10 అని కనిపిస్తే అసలు 6 నుంచి 14 దాకా ఏదైనా కావచ్చు. ఈ కారణంగానే వరసలన్నీ కూడితే మొత్తం సరిపోదు, మన కూడిక తప్పేమీ కాదు. మొత్తం జనాభా, ఇళ్ల సంఖ్య మాత్రం అలా జరపరు, 3,804 అన్నది లెక్కపెట్టిన అంకె. అందుకని తెలుగు వరసలో సున్నా చూసి అక్కడ మనవాళ్లు ఎవరూ లేరని తేల్చేయకండి. పైగా అది 2021 మే నాటి మాట, ఆ తర్వాత ఇలాంటి పథకాల మీద ఎంతమంది చేరారో అందులో ఉండదు.

ఇంకా ఒకటి. వయసు, భాష, కుటుంబం, ఇంటి రకం వంటివి అందరినీ అడిగిన చిన్న ఫారం నుంచి వస్తాయి. సొంతిల్లా అద్దె ఇల్లా, ఎన్ని బెడ్‌రూమ్‌లు, ఎప్పుడు కట్టారు, పెద్ద రిపేర్లు కావాలా, చదువు, ఉద్యోగం, ఇవి నాలుగిళ్లలో ఒక ఇంటికి ఇచ్చిన పెద్ద ఫారం నుంచి వస్తాయి. నాలుగు వేల ఊళ్లో నాలుగో వంతు ఇళ్లంటే చాలా కొద్ది. అందులో చిన్న చిన్న గడుల్లో ఉన్న 10, 15, 20 లాంటి అంకెల మీద ఇల్లు మారే నిర్ణయం పెట్టుకోకండి. ఎవరైనా 2011 నాటి అంకెలతో పోల్చి చూపిస్తే ఇంకా జాగ్రత్త, ఆ ఏడాది పెద్ద ఫారం తప్పనిసరి కాదన్నారు, ఇష్టమైనవాళ్లు నింపారు. దాంతో దేశంలో వెయ్యికి పైగా ఊళ్ల వివరాలు అసలు ప్రచురించలేకపోయారు. దెబ్బ తగిలింది ఎక్కువగా ఇలాంటి చిన్న ఊళ్లకే, వాటి గురించి తెలుసుకోవడానికి మనకి వేరే లెక్కలంటూ పెద్దగా లేవు. 2016లో మళ్లీ తప్పనిసరి చేశారు. మంచి పని చేశారు.

చినూక్‌గాలి:

నేను ఆరేళ్లుగా లెత్‌బ్రిడ్జ్‌లో ఉంటున్నాను, క్లేర్స్‌హోమ్ మాకు 90 కిలోమీటర్లు. పని మీద నెలకి రెండుసార్లయినా ఆ ఊరు దాటి వెళ్తాను, కాబట్టి పట్టికల్లో లేనివి కొన్ని చెప్తాను.

ఓరుగల్లు తమ్ముడు చెప్పినంత భయంకరంగా ఏమీ లేదు. ఊళ్లో ఆసుపత్రి ఉంది, బడులు ఉన్నాయి, మానసిక ఆరోగ్యం, వ్యసనాల చికిత్సకి పెద్ద కేంద్రం ఉంది, వృద్ధుల సంరక్షణ ఉంది. చుట్టుపక్కల విల్లో క్రీక్ మునిసిపల్ డిస్ట్రిక్ట్ రైతులందరికీ ఇదే బజారు ఊరు. ఇక్కడ ఒకటి గమనించండి, ఊరి చుట్టూ ఉన్న పొలాల్లో జనం వేరే లెక్కలోకి పోతారు. ఊరి హద్దులో ఉన్నవాళ్లు 3,804 అయినా ఆ ఆసుపత్రినీ కొట్లనీ వాడుకునేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ. ఊరు ఎందుకు నిలబడిందంటే అందుకే. 1917లో అల్బెర్టా శాసనసభకి ఎన్నికైన ఇద్దరు మహిళల్లో ఒకరైన లూయిస్ మెకిన్నీ గెలిచింది ఈ క్లేర్స్‌హోమ్ నుంచే, బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తంలో శాసనసభకి ఎన్నికైన మొదటి మహిళలు వాళ్లు. చిన్న ఊరే కానీ చిన్నచూపు చూడదగిన ఊరు కాదు.

కేర్ హోమ్ విషయంలో ఇంకోటి. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గరలాగా చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాదు, పెద్దవాళ్లు చివరిదాకా ఉండే చోటు. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, నేను నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తున్నానంటే మా అత్తగారు డాక్టర్ల దగ్గర పనిచేస్తున్నాననే ఊరంతా చెప్పారు. ఊరు ముసలిదైపోతోందా అని మీరు అడిగారు కదా, నిజమే, వయసు మళ్లిన ఊరే. కానీ మీ ఆవిడ ఉద్యోగం పుట్టింది కూడా అందుకే కదా. చూసుకోవలసిన పెద్దవాళ్లు ఎక్కువ, చూసుకునే వయసువాళ్లు తక్కువ. అందుకనే ఆ పథకంలోకి ఈ ఊరు వచ్చింది, ఇది కొత్త కూడా కాదు, 2019లో ప్రకటించిన పాత గ్రామీణ పథకంలోని 11 ప్రాంతాల్లో కూడా క్లేర్స్‌హోమ్ ఉంది.

అద్దెల గురించి సెన్సస్‌ని నమ్మకండి. అందులో ఉండే అద్దె ఖర్చు అప్పటికే ఎప్పటి నుంచో ఉంటున్నవాళ్లందరిదీ కలిపిన మధ్యస్థం, పదేళ్లుగా పాత అద్దెకి ఉన్నవాళ్లు కూడా అందులో ఉంటారు. అందులో కరెంటు, హీటింగ్, నీళ్లు కూడా కలిసే ఉంటాయి. ఈరోజు తాళం చెవి తీసుకునేవాళ్లు కట్టేది వేరు. సీఎంహెచ్‌సీ (కెనడా ప్రభుత్వ గృహ సంస్థ) ఏటా వేసే అద్దెల సర్వే పదివేల జనాభా దాటిన చోట్లకే, కాబట్టి క్లేర్స్‌హోమ్ అందులో ఉండదు. కానీ అల్బెర్టా ప్రభుత్వం చిన్న ఊళ్ల అపార్ట్‌మెంట్ల ఖాళీలు, అద్దెల మీద సొంతంగా సర్వే చేస్తుంది, అది వెతకండి. ఒంటారియో నుంచి వస్తున్నారు కాబట్టి ఇంకోటి గుర్తుపెట్టుకోండి, అల్బెర్టాలో అద్దె పెంపుకి శాతం పరిమితి లేదు. 365 రోజులకి ఒకసారే పెంచాలి, అంతవరకే. ఎంత పెంచుతారన్నది ఇంటాయన ఇష్టం. అందుకే ముందే వీలైనంత పొడుగు కాలానికి రాయించుకోండి.

గాలి గురించి కూడా చెప్పకుండా ఉండలేను. చలికాలంలో చినూక్ అనే వెచ్చటి గాలి వచ్చిందంటే పొద్దున మైనస్ ఇరవై ఉన్నది సాయంత్రానికి మంచు కరిగేంత వేడెక్కుతుంది, హాయిగా ఉంటుంది. కానీ అదే గాలికి హైవే మీద ఖాళీ ట్రక్కులు పడిపోతాయి. రెండో కారు లేకపోతే మీరు ఇంట్లో బందీ అయినట్టే, బస్సులు నమ్ముకుని బతికే ఊరు కాదు.

గౌతమి_తీరం:

ఇది చూసి మా ఆవిడ కూడా పక్కన కూర్చుని మొత్తం చదివింది. అన్నయ్యా, మీ అత్తగారి మాటకి తను చాలాసేపు నవ్వింది, వాళ్లమ్మ ఇప్పటికే చుట్టాలందరికీ అలాగే చెప్పేసిందట!

ఒక్క సందేహం. మా అమ్మ వస్తే రెండు బెడ్‌రూమ్‌లు సరిపోతాయా, మూడు ఉండాలా? ఇంటాయన ఎక్కువమంది అని ఇబ్బంది పెడతాడా?

లెక్కల_మాస్టారు:

ఇంటాయనతో మీరు రాసుకునే ఒప్పందం వేరు, ఒక ఇంట్లోవాళ్లకి ఎన్ని బెడ్‌రూమ్‌లు ఉండాలో చెప్పే సెన్సస్ కొలత వేరు. కొలత ప్రకారం భార్యాభర్తలకి ఒక గది, పాపకి ఒకటి, 18 దాటిన ఒంటరి పెద్దవాళ్లకి ఒకటి. అంటే మీకు మూడు. మన ఇళ్లలో మనవరాలు నాయనమ్మ పక్కన పడుకుని కథలు వింటుంది, దానికి ఎవరూ ఇరుకని అనుకోరు, కానీ ఈ కొలత దాన్ని ఇరుకు ఇల్లు అనే అంటుంది. మన కుటుంబాలు చాలా పట్టికల్లో ఇరుకు ఇళ్లుగా పడేది ఇలాగే, నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. మీ విషయంలో ఇంకో చిత్రం ఉంది. వర్క్ పర్మిట్, స్టడీ పర్మిట్ ఉన్నవాళ్లని సెన్సస్ లెక్కపెడుతుంది, సందర్శకులుగా వచ్చినవాళ్లని పెట్టదు. సూపర్ వీసా సందర్శకుల వీసానే. మీ అమ్మగారు రెండేళ్లు మీ దగ్గరున్నా ఆ ఊరి జనాభాలో ఉండరు. ఇలాంటి అమ్మమ్మలు, నాయనమ్మలు దేశంలో ఎంతమంది పిల్లల్ని పెంచుతున్నారో, ఒక్కరూ ఆ పట్టికల్లో కనిపించరు.

ఇంటి రకం చూసేటప్పుడు కూడా ఒక మెలిక ఉంది. మామూలు విడి ఇంటికి బేస్‌మెంట్‌లో వేరే యూనిట్ ఉంటే సెన్సస్ దాన్ని విడి ఇల్లు అనదు, పైదీ కిందదీ రెండూ డూప్లెక్స్‌లోని ఫ్లాట్లు అంటుంది. కాబట్టి ఆ వరసలో ఉన్న సంఖ్యని చూస్తే ఊళ్లో మనం అనుకునే బేస్‌మెంట్ అద్దెలు ఎన్ని ఉండొచ్చో కొంత అందుతుంది. అపార్ట్‌మెంట్ల వరసతో పాటు దాన్ని కూడా చూడండి.

ఓరుగల్లు_పోరడు:

మాస్టారూ, నేను తొందరపడి చెప్పాను, ఒప్పుకుంటున్నాను. 46 అనేది అలా చదవాలని నాకు నిజంగా తెలియదు. పాపకి తోటి పిల్లల సంగతి మాత్రం ఇప్పటికీ అదే చెప్తాను అన్నా. వయసుల పట్టికలో 0 నుంచి 4 వరస చూడు, బళ్లో పాప ఈడు పిల్లలు ఎంతమంది ఉంటారో దాన్నిబట్టి తెలుస్తుంది. అది 2021 నాటిది కాబట్టి అప్పుడు పుట్టినవాళ్లే ఇప్పుడు బడికెళ్తున్నారు.

గౌతమి_తీరం:

ఇది మంచి మాట తమ్ముడూ, నాకు తట్టలేదు. నువ్వు వద్దన్నావని ఏమీ అనుకోలేదు, నా మనసులో ఉన్నదే నువ్వు పైకి అన్నావు.

రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. ఈరోజు పొద్దున మా ఆవిడ వాళ్లతో మాట్లాడింది. ఇల్లు చూపిస్తారా అని అడిగితే ముందు తడబడ్డారు, తర్వాత అక్కడే పనిచేసే ఒకావిడ ఇంటి కింద భాగం ఖాళీగా ఉందని, మూడు నెలలకి ఇస్తారేమో కనుక్కుంటామని చెప్పారు. ప్రకటనలో ఎక్కడా లేని ఇల్లు! చెల్లెమ్మ చెప్పింది చెప్పినట్టే జరిగింది. మొబిలిటీ పట్టిక కూడా చూశాం. అయిదేళ్లలో బయటి నుంచి వచ్చి చేరినవాళ్లు 24 కాదు, వందల్లో ఉన్నారు. రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. మొదట నేనొక్కణ్ణే వచ్చే శనివారం కాల్గరీకి టికెట్ తీసుకుని, కారు అద్దెకి తీసుకుని వెళ్లి ఊరు చూసి వద్దామనుకుంటున్నాను.

చినూక్‌గాలి:

శనివారం మేము ఇంట్లోనే ఉంటాం. ఊరు చూసుకుని ఇటు లెత్‌బ్రిడ్జ్ వచ్చేయండి, గంట కూడా పట్టదు, పప్పుచారు, వంకాయ కూర ఉంటుంది, రాత్రికి ఇక్కడే పడుకుని ఆదివారం వెళ్లొచ్చు. ఆ కింద భాగం చూసేటప్పుడు బెడ్‌రూమ్ కిటికీ లోంచి మనిషి బయటికి రాగలడో లేదో చూడండి, ఫర్నేస్ (ఇల్లు వేడిచేసే యంత్రం) ఏ సంవత్సరానిదో అడగండి, పోయిన జనవరి గ్యాస్ బిల్లు ఒకటి చూపించమనండి. ఈ ప్రెయిరీ మైదానాల గాలికి పాత ఇంట్లో జనవరి బిల్లు చూస్తేనే అసలు అద్దె ఎంతో తెలుస్తుంది.